రేవుపెట్టెయు పలుతెరలును: అండమాను భాషాసామగ్రి పరిశీలనమున డాకింగు స్టేషను వినియోగము

1. ప్రస్తావన

నిఘంటుకారునకు బల్ల యెంత ముఖ్యమో ఆ పనిలో దిగినవారికి తెలియును. కాగితపు చీటీలను వరుసగా పరచి, ఒక్క చూపున పది ప్రయోగములను పోల్చి, వానిలో ఏది ప్రధానార్థమో, ఏది గౌణార్థమో తేల్చుట పూర్వులు అవలంబించిన పద్ధతి. నేడు ఆ చీటీలు, ధ్వనిముద్రణములు, తాళపత్రముల ఛాయాచిత్రములు, అచ్చుపుస్తకముల ప్రతిబింబములు అన్నియు కంప్యూటరు లోనికి చేరినవి. చోటు కలిసివచ్చిన మాట నిజమే. కాని బల్ల మాత్రము పదునాలుగు అంగుళముల తెరగా కుదించుకొని పోయినది. ఒక పత్రమును చూడవలెనన్న వేరొక పత్రమును కప్పవలసి వచ్చుచున్నది. కప్పబడిన దానిని జ్ఞాపకముంచుకొని ముందున్న దానితో పోల్చుట చీటీల కాలమున ఎవ్వరును అంగీకరింపని పద్ధతి.

ఈ కొరతను తీర్చుటకు ల్యాప్‌టాపునకు రెండు మూడు మానిటరులను జోడించు సాధనమే డాకింగు స్టేషను. దానిని గూర్చి విక్రేతల ప్రకటనలు విస్తారముగ కలవు. భాషాపరిశోధకుని అవసరమును దృష్టియందుంచుకొని చేసిన వివరణము తెలుగున అరుదు. సాధనమును ఎరుగక కొన్నవారు తెరలు వెలుగక, లేదా ఒకే బొమ్మ రెండింటను కనబడి, విసిగి మూలకు నెట్టుట తరచు జరుగుచున్నది. కావున సాధనతత్త్వము, లెక్క, సంధానక్రమము, జాగ్రత్తలు అను నాలుగంశములను అండమాను నికోబారు ద్వీపముల భాషాసామగ్రిని ఉదాహరణముగ గైకొని ఇచట విచారింతము.

2. పదవిచారము

ఆంగ్లమున ‘డాక్’ అనగా ఓడను నిలిపి, సరకు దింపుటకును, బాగుచేయుటకును ఏర్పడిన చోటు. ఈ పదము మధ్యకాలపు డచ్చి భాషనుండి ఆంగ్లమునకు వచ్చినది. విశాఖపట్టణమందు ‘డాక్‌యార్డు’ అను మాట జనసామాన్యము నోట ఎన్నడో తెలుగైనది. అండమానునందు పోర్టు బ్లెయిరు నగరమున (2024 సెప్టెంబరులో దీనికి శ్రీ విజయపురమని పేరు మార్చబడినది) ఫీనిక్సు బే కడనున్న నౌకానిర్మాణశాల వలన ఈ మాట అచటి తెలుగువారికిని నిత్యపరిచితము.

సముద్రముపై తిరుగునపుడు ఓడ స్వయంసమృద్ధము. రేవు చేరినపుడు ఒక్క తాడుతో కట్టబడి, నీరు, ఇంధనము, సరకు, మనుష్యులు అన్నియు ఆ రేవునుండియే పొందును. ల్యాప్‌టాపు ధర్మమును సరిగ నిట్టిదే. క్షేత్రమున అది తన బ్యాటరీతో, తన చిన్నతెరతో తిరుగును. బల్ల చేరినపుడు ఒక్క తీగతో డాకింగు స్టేషనునకు కట్టబడి విద్యుత్తు, పెద్దతెరలు, మీటలపలక, మౌసు, అంతర్జాలపు తీగ అన్నిటిని పొందును. 1992వ సంవత్సరమున ఆపిలు సంస్థ పవర్‌బుక్ డ్యుయో అను చిన్న యంత్రమును, దానిని లోనికి జొనుపుకొను డ్యుయో డాక్ అను పెట్టెను వెలువరించినది. ఈ రూపకము స్పష్టముగ కనబడు తొలి పరికరములలో నదియొకటి.

తెలుగున ‘రేవు’ అను మాట ఇంకను విశాలమైనది. ఓడరేవు, చాకిరేవు, స్నానపు రేవు: నీటికిని నేలకును సంధి ఏర్పడి, పలువురు పలుపనులకు చేరు చోటెల్ల రేవే. అందుచేత డాకింగు స్టేషనునకు ‘రేవుపెట్టె’ అను పేరు అర్థమునకు చక్కగ సరిపోవును. వ్యవహారమున డాకింగు స్టేషను అను మాటయే స్థిరపడుచున్నందున ఈ వ్యాసమున రెండును వాడబడినవి.

3. అండమాను సామగ్రియు, పలుతెరల ఆవశ్యకతయు

బంగాళాఖాతమందలి యీ ద్వీపములు భాషాశాస్త్రమునకు అరుదైన క్షేత్రము. 2011 జనగణనము ప్రకారము ఇచటి జనసంఖ్య 3,80,581. అందు తెలుగు మాతృభాషగాగలవారు సుమారు 13 శాతము. బంగాళీ, హిందీ, తమిళముల తరువాతి స్థానము తెలుగుదే. వీరిలో పెక్కుమంది శ్రీకాకుళ విశాఖపట్టణ తీరములనుండి వచ్చినవారి సంతతి. వీథిలో వ్యవహారభాష హిందీ, ఇంట తెలుగు. ఈ తెలుగు మూలమాండలికము నెంతవరకు నిలుపుకొన్నదో, హిందీ బంగాళీల సాహచర్యము వలన ఎంత మారినదో నిర్ణయించుటకు ధ్వనిముద్రణములను విని, వ్రాసి, పోల్చుట తప్ప వేరు మార్గము లేదు.

ఒక చిన్న ఉదాహరణము. భూతకాలక్రియయందు ‘చెప్పినాడు’, ‘చెప్పేడు’, ‘చెప్పాడు’ అను రూపములు తెలుగు మాండలికములందు కలవు. చివరి రెంటి నడుమ అచ్చు వివృతమా, సంవృతమా అనునది చెవికి సందిగ్ధము కావచ్చును. ఆంస్టర్‌డాం విశ్వవిద్యాలయమునకు చెందిన పాల్ బోర్స్మా, డేవిడ్ వీనింక్ అనువారు రచించిన ‘ప్రాట్’ అను కార్యక్రమము అచ్చుయొక్క అనునాదములను చిత్రరూపమున చూపును. నెదర్లాండ్సునందు నైమేగన్ నగరమందలి మాక్స్ ప్లాంక్ మనోభాషాశాస్త్ర సంస్థ రూపొందించిన ‘ఎలాన్’ అను కార్యక్రమము ధ్వనిచిత్రములకు కాలక్రమమున వ్రాతను జోడించును. ఒకతెరపై అనునాదచిత్రము, వేరొకతెరపై లేఖనము, మూడవదానిపై పదకోశము ఉన్నచో నిర్ణయము ప్రత్యక్షప్రమాణముపై నిలుచును. ఒకే తెరపై వానిని మార్చిమార్చి చూచినచో అది స్మృతిపై నిలుచును. ఈ భేదము స్వల్పము కాదు.

ఆదిమభాషల విషయమున ఈ ఆవశ్యకత మరింత తీవ్రము. మహాండమానీ భాషాకుటుంబమందు పూర్వము పది శాఖలుండెను. అందు అక-బేయా భాషకు ఇ. హెచ్. మాన్ కూర్చిన నిఘంటువు 1923లో పుస్తకరూపమును పొందినది. ఎం. వి. పోర్ట్‌మాన్ దక్షిణాండమాను భాషలపై రచించిన గ్రంథము 1898 నాటిది. అక-బేయా నేడు మాటలాడువారు లేని భాష. 2005 నుండి ఆచార్య అన్వితా అబ్బి నడపిన లేఖనకార్యము వలన మిగిలిన మహాండమానీ మాటలు ముద్రితములైనవి. ఆమె వ్యాకరణము 2013లో వెలువడినది. అక-బో భాష నెరిగిన చివరి వ్యక్తి బోవా సీనియర్ 2010 జనవరిలో మరణించినది.

అబ్బి వివరించిన ప్రకారము మహాండమానీ వ్యాకరణము దేహభాగముల విభజనముపై ఏర్పడిన ఏడు తరగతులతో నిండియున్నది. ఆ తరగతులను సూచించు పూర్వాంగములు ఒకటి రెండు ధ్వనుల చిన్నమాత్రలు. అట్టి ఒక్క ధ్వనిని పొరపాటుగ వినినచో తరగతియే మారును. చెప్పినవారిని మరల అడిగి సరిచూచుకొను అవకాశము లేని భాషయందు లేఖనదోషము శాశ్వతదోషము. పాతనిఘంటువు పుట, నేటి ధ్వనిచిత్రము, తన లేఖనము ఈ మూడును ఒక్కసారి కంటియెదుట నుండవలెననుట ఇచట సౌకర్యము కొరకు కాదు, ప్రామాణ్యము కొరకు.

4. సంధానమార్గములు

బయటికి ఒకేరీతిగ కనబడు డాకింగు స్టేషనులు లోపల మూడు తెరగులు. ఈ భేదము నెరుగకపోవుటయే పెక్కు వైఫల్యములకు మూలము. మూడింటియందును ల్యాప్‌టాపునకు చేరు తీగ సాధారణముగ యు.ఎస్.బి.–సి ఆకారముదే. 2014లో ప్రకటింపబడిన ఈ సంధానమునకు 24 సూదులు కలవు. తలక్రిందుగ పెట్టినను పనిచేయును. రంధ్రము ఒక్కటియే గాని అందు ప్రవహించునది యంత్రమునుబట్టి మారును.

మొదటిది: డిస్ప్లేపోర్టు మార్గము. ల్యాప్‌టాపులోని చిత్రయంత్రము తయారుచేసిన చిత్రధార నేరుగ తీగలోని నాలుగు వేగపు జతలలో రెండింటిద్వారానో, నాలుగింటిద్వారానో వెలువడును. ఒకే ధారలో పలుతెరల బొమ్మలను కలిపి పంపి, డాకింగు స్టేషనులో విడదీయు పద్ధతి 2010 నాటి డిస్ప్లేపోర్టు 1.2 తో వచ్చినది. దీనిని బహుధారావహనమందురు. విండోస్ యంత్రములందు ఇది పనిచేయును. ఆపిలు సంస్థవారి మాక్ యంత్రములందు ఈ పద్ధతివలన తెరలు వేర్వేరుగ విస్తరింపవు. ఒకే బొమ్మ రెండుతెరలపై కనబడును.

రెండవది: థండర్‌బోల్టు మార్గము. 2015లో వచ్చిన థండర్‌బోల్టు 3 ఇదే యు.ఎస్.బి.–సి రంధ్రమును వాడుకొని సెకనునకు 40 గిగాబిట్లను మోయును. రెండు ప్రత్యేకచిత్రధారలను వేర్వేరుగ మోయుట దీని విశేషము. అయినను ల్యాప్‌టాపు లోపలి చిత్రయంత్రము ఎన్ని తెరల నంగీకరించునో అన్నియే వెలుగును. ఎం1, ఎం2 అను మూలశ్రేణి చిప్పులు గల మ్యాక్‌బుక్కులు వెలుపలి తెర నొక్కదానినే అంగీకరించును.

మూడవది: డిస్ప్లేలింక్ మార్గము. ఇందు ప్రత్యేకసాఫ్ట్‌వేరు బొమ్మను కుదించి సాధారణ యు.ఎస్.బి. సమాచారముగ పంపును; డాకింగు స్టేషనులోని చిప్పు దానిని మరల విప్పి తెరపై చూపును. చిత్రధార వెలువడని పాతరంధ్రములనుండియు, తెరలసంఖ్య పరిమితమైన మాక్ యంత్రములనుండియు పలుతెరలను పొందుటకు ఇది యొక దారి. కాని సాఫ్ట్‌వేరు స్థాపింపక పనిచేయదు. కుదించుట విప్పుటల భారము కంప్యూటరుపై పడును. వ్రాతపనికి ఇది చాలును; వీడియోతో కూడిన లేఖనమునకు మొదటి రెండు మార్గములే మేలు.

5. తెరల లెక్క

ఏ తీగ ఎన్నితెరలను మోయగలదో కూడికలు గుణకారములతో తెలియును. సాధారణ పూర్ణస్పష్టత గల తెరయందు అడ్డముగ 1920, నిలువుగ 1080 చుక్కలుండును, మొత్తము 20,73,600. ఒక్కొక్క చుక్క వర్ణమునకు 24 బిట్లు. సెకనునకు 60 మారులు బొమ్మ మారును. గుణింపగా సెకనునకు సుమారు 299 కోట్ల బిట్లు. బొమ్మకును బొమ్మకును నడుమ విరామమునకు మరికొంత చేర్చి దీనిని 330 కోట్లుగ తలపవచ్చును. 3840 × 2160 చుక్కలుగల ‘4కె’ తెరకు దీనికి సుమారు నాల్గింతలు, అనగా విరామములతో గూడ 1,250 కోట్ల పైచిలుకు కావలెను.

ఇక మోయుశక్తి. డిస్ప్లేపోర్టు 1.2 రెండుజతలపై 864 కోట్లు, నాలుగుజతలపై 1,728 కోట్లు మోయును. 2016లో వచ్చిన 1.4 రెండుజతలపై 1,296 కోట్లు, నాలుగింటిపై 2,592 కోట్లు మోయును. కావున 1.2 గల ల్యాప్‌టాపు రెండుజతలతో రెండు సాధారణతెరలను (660 కోట్లు) నడపును. మూడవది (990 కోట్లు) పట్టదు. అదే స్థితియందు 4కె తెర సెకనునకు 60 మారులు మారజాలదు, 30కి తగ్గును. అట్లు తగ్గినచో ధ్వనిచిత్రము జరుగునపుడు కుదుపులు కనబడి కంటికి శ్రమ కలుగును. డాకింగు స్టేషను పెట్టెపై ‘4కె’ అని ముద్రించియున్నను, ఎన్ని మారులని చిన్నయక్షరములందు చదువవలెను. హెచ్.డి.ఎం.ఐ. రంధ్రముల విషయమునను ఇదే జాగ్రత్త: 2009 నాటి 1.4 తరగతి 4కె తెరకు 30 మారులే ఇచ్చును. 60కి 2013 నాటి 2.0 తరగతి కావలెను.

తెలుగు పరిశోధకునకు ఈ లెక్క నిష్ప్రయోజనము కాదు. ద, ధ, థ అను మూడు అక్షరములకు భేదము అడుగు గీతయు, నడిమి చుక్కయు మాత్రమే. వత్తులు మూలాక్షరముకంటె చిన్నవి. పాత అచ్చుపుటల ప్రతిబింబములను సరిచూచువారికి ఒక స్పష్టమైన తెర, మూడు మసకతెరలకంటె మేలు. ధనము పరిమితమైనచో రెండుతెరలతో తృప్తిపడి, వానిలో నొకటి మంచిదిగ కొనుట యుక్తము.

6. సంధానక్రమము

మొదట ల్యాప్‌టాపు రంధ్రమును పరీక్షింపవలెను. యు.ఎస్.బి.–సి రంధ్రము ప్రక్కన మెరుపుగుర్తు ఉన్నచో థండర్‌బోల్టు. డి, పి అను అక్షరములు కలిసిన గుర్తు ఉన్నచో డిస్ప్లేపోర్టు. ఏ గుర్తును లేనిచో తయారీదారు వివరణపత్రమును చూడవలెను. ఆకారము సరిపోయినంతమాత్రమున చిత్రధార వెలువడునని నమ్మరాదు.

పిమ్మట విద్యుత్తు. ల్యాప్‌టాపు చార్జరుపై ఎన్ని వాట్లని యున్నదో చూచి, డాకింగు స్టేషను అంతకు తక్కువగాక ఇచ్చునట్లు ఎంచుకొనవలెను. పెట్టె తనకై కొంత ఉంచుకొని మిగిలినదే ల్యాప్‌టాపునకిచ్చును. కావున చూడవలసినది గోడకు పెట్టు చార్జరు సంఖ్య కాదు, ల్యాప్‌టాపునకు చేరు సంఖ్య.

తరువాతి వరుస ఇది. డాకింగు స్టేషనును దాని చార్జరుతో విద్యుత్తునకు కలుపుము. మానిటరులను దానికి కలిపి వెలిగింపుము. చివర ల్యాప్‌టాపు తీగను పెట్టుము. పెట్టెతో వచ్చిన తీగనే వాడుట క్షేమము; ఫోను చార్జింగునకై చేసిన తీగలు పెక్కు చిత్రధారను మోయజాలవు.

విండోస్ యంత్రమున విండోస్ మీటను, పి మీటను కలిపి నొక్కినచో నాలుగు పద్ధతులు కనబడును. వానిలో ‘ఎక్స్‌టెండ్’ అనుదానిని ఎన్నుకొనినచో తెరలు ఒకదానికొకటి కొనసాగింపగును. ‘డూప్లికేట్’ అనునది ఒకే బొమ్మను అంతట చూపును. అది తరగతిగది పాఠమునకు తగినది. పిదప డిస్ప్లే సెట్టింగులందు ‘ఐడెంటిఫై’ నొక్కగా ఒక్కొక్క తెరపై అంకె కనబడును. బల్లపై తెరలున్న వరుసననుసరించి చిత్రములను జరుపవలెను. నిఘంటుపుటల కొరకు ఒక మానిటరును నిలువుగ త్రిప్పి, సెట్టింగులందు ‘పోర్ట్రెయిట్’ అని మార్చినచో పుట యంతయు ఒక్కసారి కనబడును. అక్షరప్రమాణము ప్రతితెరకు వేరుగ నిర్ణయింపవచ్చును. వత్తులు స్పష్టముగ కనబడువరకు పెంచుట మంచిది.

తెరల విభజనమునందు ఒక క్రమము పాటింపదగును. ఎదుటితెరపై లేఖనము, ప్రక్కతెరపై ధ్వనిచిత్రము, ల్యాప్‌టాపు స్వంత తెరపై లేదా నిలువుతెరపై పదకోశము. వ్రాయునది ఎదుట, ప్రమాణములు ప్రక్కల అనునది సూత్రము.

7. దోషములు, నివారణము

తెర వెలుగనిచో తొలుత మానిటరుయొక్క ‘ఇన్‌పుట్’ సరియైన రంధ్రమునకు నిర్ణయింపబడినదో లేదో చూడవలెను. అది సరియైనచో ఆ మానిటరును డాకింగు స్టేషను లేకుండ నేరుగ ల్యాప్‌టాపునకు కలిపి చూడవలెను. అట్లు వెలిగినచో దోషము పెట్టెయందో, దాని తీగయందో కలదు. వెలుగనిచో మానిటరునందో, రంధ్రమునందో కలదు. ఒక్కసారి ఒక్క అంశమునే మార్చుట ఇచట నియమము. ఇది పాఠపరిష్కర్త ప్రతులను సరిచూచు రీతియే. అప్పటికిని తెలియనిచో పెట్టెకు విద్యుత్తు తీసివేసి, కొంచెము సేపాగి, మరల కలుపవలెను. విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి మీటలను కలిపి నొక్కినచో చిత్రయంత్రము తిరిగి మొదలగును. ఒకతెర వెలిగి రెండవది వెలుగనిచో వెనుకటి ప్రకరణమందలి లెక్కను మరల వేయవలెను. పెక్కుమారులు అది లోపము కాదు, తీగకు మించిన భారము.

8. ద్వీపమున పాటింపవలసిన జాగ్రత్తలు

పోర్టు బ్లెయిరునుండి చెన్నై, విశాఖపట్టణములు సముద్రముపై వేయి కిలోమీటర్లకు మించిన దూరమున నున్నవి. తప్పుగ కొన్న పెట్టెను మార్చుకొనుట ప్రధానభూమిపై వలె సులభము కాదు. కావున ల్యాప్‌టాపు, పెట్టె, తీగలు, మానిటరులను అన్నిటిని ఓడ యెక్కుటకు ముందే కలిపి, ఒకపూట పనిచేయించి చూడవలెను. డిస్ప్లేలింక్ సాఫ్ట్‌వేరును ముందుగనే స్థాపింపవలెను. చెన్నైనుండి ద్వీపములకు వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భపు కేబులు 2020 ఆగస్టు 10న ప్రారంభింపబడినది. దానివలన అంతర్జాలము బాగుపడినను, కేబులు చేరని దీవులును కలవు.

విద్యుత్తు విషయము మరింత ముఖ్యము. ద్వీపములకు ప్రధానభూమి విద్యుజ్జాలముతో సంబంధము లేదు. డీజిలు యంత్రములే చిరకాలముగ ప్రధానాధారము. క్షణకాలము విద్యుత్తు పోయినచో ల్యాప్‌టాపు తన బ్యాటరీతో నడచుచునే యుండును. కాని మానిటరులును, స్వంత చార్జరుతో నడచు డాకింగు స్టేషనును ఆగిపోవును. తెర నల్లబడుట చిన్నకష్టము. పెద్దకష్టము వేరు: డాకింగు స్టేషనునకు తగిలించిన బయటి డిస్కు, వ్రాయుచుండగనే తెగిపోవును. అట్టి తెంపువలన దస్త్రమే కాక డిస్కునందలి పట్టికయు చెడవచ్చును. వృద్ధవక్త కంఠధ్వని గల ఏకైక ప్రతి ఆ డిస్కుమీద ఉన్నచో కలుగు నష్టమునకు పరిహారము లేదు.

అందుచేత మూలధ్వనిముద్రణములను డాకింగు స్టేషనుద్వారా ఎన్నడును తెరువరాదు. వానిని రెండు వేరుడిస్కులపై దాచి, ల్యాప్‌టాపు లోపలి డిస్కుపై ఉంచిన నకలుతోనే పనిచేయవలెను. బయటి డిస్కును కలుపవలసివచ్చినచో నేరుగ ల్యాప్‌టాపు రంధ్రమునకే కలుపవలెను. మానిటరులకును పెట్టెకును యు.పి.ఎస్. ఏర్పాటు చేయవలెను.

ఉప్పుగాలి, తేమ మూడవ శత్రువులు. రాగిసూదులు, రంధ్రములు తుప్పుపట్టి సంధానము తెగుచు కలియుచు నుండును. పనిలేనపుడు తీగలను, పెట్టెను మూతగట్టిగల డబ్బాలో సిలికాజెల్ సంచులతో ఉంచుట, కిటికీవైపు రంధ్రములు తిరుగకుండ అమర్చుట తగిన రక్షణ.

9. ఉపసంహారము

పలుతెరలు పరిశోధనను చేయవు. క్షేత్రమున వక్త ఎదుట కూర్చున్నపుడు చెవియు, ముద్రణయంత్రమును చాలును. అచట తెరలు అడ్డంకియే. వాని ఉపయోగము బల్లకడ, సరిచూచుటయందు. ప్రమాణములను వేర్వేరు వేళల గాక ఏకకాలమున చూచి నిర్ణయించు పూర్వుల పద్ధతి ఈ సాధనమువలన కంప్యూటరు కాలమునను నిలుపబడుచున్నది. అండమాను తెలుగు నేటికిని ఇండ్లలో వినబడుచున్న భాష. దాని మార్పులను వక్తలెదుటనే సరిచూచుకొను అవకాశము ఇంకను కలదు. అక-బేయాకు ఆ అవకాశము మాన్ నిఘంటువు పుటలకడనే ఆగిపోయినది. ఈ రెండుభాషల స్థితులకు గల దూరమును గుర్తెరిగి, తెలుగుశాఖలు ద్వీపాంధ్రుల వాగ్వ్యవహారమును ముద్రించి, లిఖించి, సరిచూచు కార్యమునకు పూనుకొనవలసియున్నది. అందులకు కావలసిన పరికరములలో ఈ రేవుపెట్టె చిన్నదే. కాని తెలిసి వాడినచో దోషమును తగ్గించునది.